నాడి అందని చెయ్యి

మీ పక్కన ఎవరున్నా సరే, ఒకసారి వాళ్ళ చెయ్యి పట్టుకోండి. మణికట్టు మీద, బొటనవేలి వైపు, మూడు వేళ్ళు ఆనించి నెమ్మదిగా నొక్కండి. నాడి కొట్టుకోవటం తెలుస్తుంది. తెలిసిందా? ఇప్పుడు రెండో చెయ్యి పట్టుకోండి. రెండు చేతుల్లోనూ ఒకే జోరుగా కొట్టుకుంటూంటే మంచిదే. ఒక చేతిలో బలంగా వుండి, రెండో చేతిలో సన్నగానో, అసలు అందకుండానో వుంటే వెంటనే కంగారు పడకండి. కొంతమందికి పుట్టుకతోనే నాడి కాస్త పక్కకి తిరిగి వుంటుంది. కానీ ఆ చెయ్యి 15 నుంచి 40 ఏళ్ళ లోపు ఆడపిల్లది అయితే, ఆ పిల్ల కొంతకాలంగా "నీరసంగా వుందమ్మా" అంటూంటే మాత్రం డాక్టరుకి చూపించండి. రెండు చేతులూ చూడమని మరీ చెప్పండి.

ఎందుకు చెబుతున్నానంటే, రక్తనాళాల గోడలు లోలోపల వాచిపోయే జబ్బు ఒకటి వుంది. దాని పేరు టకయాసు జబ్బు. పేరు వింటే మనది కాదనిపిస్తుంది. పేరు జపానుదే గాని జబ్బు మనది కూడా. ఆసియా దేశాల ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. 1908లో మికిటో టకయాసు అనే కంటి డాక్టరు ఒక యువతి కంట్లో రక్తనాళాలు దండలాగా చుట్టుకుని వుండటం చూసి, జపాను కంటి వైద్యుల సభలో చెప్పాడు. అదే సభలో మరో ఇద్దరు డాక్టర్లు లేచి, తాము చూసిన ఇలాంటి పేషెంట్లకి చేతి నాడి అందలేదని అన్నారు. కంటికీ చేతికీ ఏమిటి సంబంధం? అది తేలటానికి చాలా ఏళ్ళు పట్టింది. 1951లో షిమిజు, సానో అనే ఇద్దరు వైద్యులు దీనికి "నాడి లేని జబ్బు" అని పేరు పెట్టారు. ఆ పేరే నాకు ఇష్టం. వినగానే చెయ్యి పట్టుకుని చూడాలనిపిస్తుంది గదా!

గుండెలోంచి బయలుదేరే పెద్ద ధమని, దానిలోంచి చీలి మెదడుకీ, చేతులకీ, మూత్రపిండాలకీ వెళ్ళే పెద్ద కొమ్మలు, ఇవీ ఈ జబ్బు పట్టే చోట్లు. వంటికి కాపలా కాయవలసిన రక్షణ కణాలే ఈ గోడల మీద పడతాయి. కంచే చేను మేసినట్టు. ఎందుకు పడతాయో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. గోడ వాచి, లోపలి దారి ఇరుకైపోతుంది. మన కాలవల్లో గట్లు లోపలికి పెరిగితే కింది పొలాలకి నీరు సన్నగిల్లదూ, అలాగన్నమాట. కొన్నాళ్ళకి వాపు తగ్గినా గోడ గట్టిపడి మచ్చ మిగిలిపోతుంది. ఈ వాపుకీ మచ్చకీ వున్న తేడా గుర్తుంచుకోండి. వైద్యమంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

2015లో తణుకు దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయిని తీసుకుని వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చింది. అమ్మాయికి 22 ఏళ్ళు. టీచరు ఉద్యోగానికి చదువుకుంటోంది. ఏడాదిగా సాయంత్రం పూట వెచ్చబడటం, ఆకలి లేకపోవటం, ఒళ్ళు తగ్గటం. క్షయేమోనని పరీక్షలు చేయించారు, కాదన్నారు. టానిక్కులు తాగించారు. బలానికి సూదులు వేయించారు. "ఏమిటమ్మా నీ బాధ?" అని అమ్మాయినే అడిగాను.

"జడ వేసుకుంటూంటే ఎడమ చెయ్యి పడిపోతోందండి. దండెం మీద బట్టలారేసేటప్పుడు కూడా అంతే. కాసేపు కిందికి దించితే మళ్ళీ బాగానే వుంటుంది" అంది.

పనిచేస్తే నొప్పి, ఆపితే పోవటం. నరాల బలహీనత అలా వుండదు. కండకి రక్తం చాలనప్పుడే అలా వుంటుంది. చెయ్యి పట్టుకున్నాను. ఎడమ చేతిలో నాడి లేదు. కుడి చేతిలో గట్టిగా కొట్టుకుంటోంది.

అప్పుడు వాళ్ళమ్మ చెప్పిన మాటే ఈ పేజీ రాయటానికి కారణం. ఆ అమ్మాయికి తరచు తలనొప్పి వస్తూంటే ఒకచోట బి.పి. చూశారట. 90 మీద 60 వుందట. "లో బి.పి. వుంది, ఉప్పు బాగా తినండి, మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగండి" అన్నారట. ఆర్నెల్లుగా పొద్దునా సాయంత్రం ఆ తల్లి పెద్ద గ్లాసుతో ఉప్పు మజ్జిగ ఇస్తోంది. నేను కుడి చేతికి పట్టీ చుట్టి చూస్తే 180 మీద 110 వుంది.

అర్థమయింది గదా! చూసింది మూసుకుపోయిన చేతిలో. ఆ చేతికి రక్తమే సరిగా వెళ్ళటం లేదు, అంకె తక్కువే వస్తుంది. ఒంట్లోని అసలు పోటు మాత్రం గుండెనీ, మెదడునీ, కళ్ళనీ కొడుతూనే వుంది. ఇరవై ఏళ్ళ పిల్లకి పక్షవాతం వచ్చిందంటే అందరూ ఆశ్చర్యపోతారు. ఇలాంటి పోటు పట్టించుకోకపోతే రావటంలో ఆశ్చర్యం లేదు.

మన దేశంలో ఈ గొడవ మరీ ఎక్కువ. జపాను పేషెంట్లలో గుండె పైభాగం నుంచి చేతులకీ మెడకీ వెళ్ళే నాళాలు ఎక్కువగా దెబ్బతింటాయి. మన వాళ్ళలో పొట్టలోని ధమని, మూత్రపిండాలకి వెళ్ళే నాళాలు కూడా చాలామందిలో దెబ్బతింటాయి. మూత్రపిండానికి రక్తం తగ్గితే అది "ఒంట్లో పోటు చాలటం లేదు కాబోలు" అనుకుని, పోటు పెంచే పదార్థాలు వదులుతుంది. దానికేం తెలుసు, దారి మధ్యలో ఇరుకయిందని? అందుకని చిన్న వయసులో ఎవరికి రక్తపు పోటు కనిపించినా రెండు చేతుల్లోనూ, రెండు తొడల్లోనూ, నాలుగు చోట్లా చూడాలి. మామూలుగా కాలిలో పోటు చేతిలో కంటే కొంచెం ఎక్కువే వుంటుంది. నాలుగింటిలో ఎక్కువ వచ్చిన అంకెని నమ్మాలి. చేతులూ కాళ్ళూ అన్నీ పాడయిన వాళ్ళు కూడా అరుదుగా వుంటారు. అలాంటప్పుడు సన్నటి గొట్టం లోపలికి పంపి పెద్ద ధమనిలోనే పోటు కొలవవలసి వస్తుంది.

ఇంకా కొన్ని గుర్తులున్నాయి. మెడ పక్కన తాకితే నొప్పి, తల పైకెత్తితే కళ్ళు తిరగటం, చూపు మసకబారటం, కీళ్ళ నొప్పులు. డాక్టరు మెడ మీద, కాలరు ఎముక పైన, బొడ్డు చుట్టూ స్టెతస్కోపు పెడితే ఇరుకు దారిలో రక్తం బుసకొట్టినట్టు చప్పుడు వినిపిస్తుంది. రక్త పరీక్షలో ఇ.ఎస్.ఆర్. ఎక్కువగా వుంటుంది గాని, వుండి తీరాలని లేదు. అది మామూలుగా వుంటూండగానే లోపల జబ్బు నివురు గప్పిన నిప్పులా సాగుతూ వుండవచ్చు. నిర్ధారణకి సి.టి. యాంజియోగ్రామో, ఎం.ఆర్. యాంజియోగ్రామో తీస్తారు. మన దేశపు కీళ్ళవాత నిపుణులు 2010లో ఈ జబ్బు జోరు కొలవటానికి ఒక మార్కుల పట్టీ తయారుచేశారు. అందులో పెద్ద పీట దేనికో తెలుసా? నాడి చూడటానికీ, బి.పి. చూడటానికీ, చప్పుడు వినటానికీ. ఇంత యంత్రాల కాలంలో కూడా!

ఇక వైద్యం. పరీక్షలన్నీ అయి, ఫిల్ములో ఎక్కడెక్కడ మూసుకుపోయిందో చూపించగానే ఇంట్లోవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "బెలూను వేసి తెరిపించెయ్యకూడదా డాక్టరు గారూ?" అని. గుండెకి స్టెంటు వేయించుకున్న మామయ్య ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు గదా! కానీ ఇది అలాంటి జబ్బు కాదు. గోడ వాచి వున్నప్పుడు బెలూనుతో ఒత్తిడి పెడితే అది మళ్ళీ వాచి మూసుకుపోతుంది. ముందు వాపు చల్లారాలి. ఆ తరువాతే మరమ్మతు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప ఈ వరస తప్పకూడదు.

వాపు చల్లార్చటంలో మొదటి మందు ఇప్పటికీ స్టెరాయిడే. ప్రెడ్నిసొలోన్ రోజుకి 40 నుంచి 60 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, జబ్బు లొంగిన కొద్దీ నెలల తరబడి మెట్టు మెట్టుగా దించుకుంటూ వస్తారు. ఏడాది తిరిగేసరికి 10 మిల్లీగ్రాములకో, అంతకంటే తక్కువకో తేవాలని చూస్తారు. స్టెరాయిడ్ అనగానే మన ఇళ్ళల్లో హడలిపోతారు. ఆ భయం పూర్తిగా తప్పని నేననను. మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, పంచదార జబ్బు రావచ్చు, ఎముకలు పలచబడతాయి, అంటువ్యాధులు తేలిగ్గా పట్టుకుంటాయి. అందుకే పొద్దున్న టిఫిను తిన్నాకే వేసుకోవాలి. కాల్షియం, విటమిన్ డి జతగా ఇస్తారు. షుగరు పరీక్ష చేయిస్తూండాలి. కానీ మందు చేసే చెరుపు కన్నా మందు మానేస్తే జరిగే చెరుపు పెద్దది.

మా తణుకు అమ్మాయి విషయంలో అదే జరిగింది. అయిదో నెలలో జ్వరం లేదు, తలనొప్పి లేదు, ఇ.ఎస్.ఆర్. దిగింది. మొహం మాత్రం చంద్రబింబంలా అయింది. అప్పుడే ఏలూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల నాటికి మొహం తగ్గాలని వాళ్ళమ్మ ఆ మాత్రలు దాచేసింది. నాలుగోనాటికి వాంతులు, నిలబడలేనంత నిస్త్రాణ. కారులో పడుకోబెట్టి తీసుకొచ్చారు.

మూత్రపిండాల మీద అడ్రినల్ అనే గ్రంథులు వుంటాయి. మామూలుగా ఒంటికి కావలసిన స్టెరాయిడ్ అవే తయారుచేస్తాయి. రోజూ హోటలు నుంచి క్యారేజీ వస్తూంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? ఆ గ్రంథులూ అంతే, పని మానుకుంటాయి. ఉన్నట్టుండి క్యారేజీ ఆపేస్తే ఆ పూట పస్తే. దీనికి ప్రాణం పోవచ్చు కూడా. అందుకే కొద్దికొద్దిగా తగ్గించాలి. అది డాక్టరు చెప్పినట్టే జరగాలి. జ్వరం వచ్చినా, ఆపరేషను చేయవలసి వచ్చినా ఆ రోజుల్లో మోతాదు పెంచవలసి రావచ్చు, మానటం మాత్రం పనికిరాదు. ఆ తల్లిని నేను కోప్పడలేదు. పెళ్ళిచూపుల్లో ముందు అడిగేది మొహాన్ని గురించేనని ఆవిడకి నా కంటే బాగా తెలుసు. "అమ్మా, మోతాదు దిగితే మొహం దానంతటదే దిగుతుంది. మూసుకుపోయిన నాళం అలా తెరుచుకోదు" అని మాత్రం చెప్పాను.

స్టెరాయిడ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే, తగ్గించినప్పుడల్లా జబ్బు తిరగబెట్టే పేషెంట్లు చాలామంది. అందుకని ఇప్పుడు మొదటినుంచే దానికి తోడుగా ఇంకో మందు జత చేస్తున్నారు. ఎక్కువగా ఇచ్చేది మెథోట్రెక్సేట్. దీని కథ తెలుగువాళ్ళు తెలుసుకోవలసినది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధనశాలను నడిపారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ తరువాత ఆ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందుల్ని కూడా తయారుచేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. రక్త క్యాన్సరు కోసం పుట్టిన మందు అది. తరువాత తక్కువ మోతాదులో కీళ్ళవాతానికీ, ఇలాంటి నాళాల జబ్బులకీ పనికొచ్చింది. సుబ్బారావు గారు 1948లోనే పోయారు, ఇవేవీ చూడలేదు. తమాషా ఏమిటంటే, ఈ మందు వేసుకునేవాళ్ళకి దాని బాధలు తగ్గటానికి వేరే రోజున ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇస్తాం. చీటీ మీద రెండు మందులు, రెండూ ఆయన పరిశోధనశాల చలవే. భీమవరం బస్సు దిగి వచ్చే పేషెంట్లకి ఈ సంగతి చెప్పటం నాకు సరదా.

సరదా సంగతి అలా వుంచి, ఒక్క మాట జాగ్రత్తగా వినండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన మందు. తక్కిన మాత్రలతో కలిపి రోజూ వేసేసుకుంటే రక్తకణాలు పడిపోయి, నోరంతా పూసి, ప్రాణాపాయం వస్తుంది. నేను చీటీ మీద "ఆదివారం" అని పెద్ద అక్షరాలతో రాస్తాను. మందుల షాపువాడు అట్ట మీద ఏం గీసినా నమ్మవద్దు, ఆ వారం పేరే నమ్మండి. అప్పుడప్పుడు రక్తకణాలూ, లివరు పరీక్షలూ చేయించాలి. ఈ మందు మీద వుండగా గర్భం రాకూడదు. పిల్ల అవయవాలు దెబ్బతింటాయి. ఇది పడనివాళ్ళకి అజాథయోప్రిన్, మైకోఫినోలేట్ వున్నాయి. వీటిలో మైకోఫినోలేట్ కూడా గర్భానికి పనికిరాదు. అజాథయోప్రిన్ పనికొస్తుంది.

వీటికీ లొంగకపోతే సూదిమందులున్నాయి, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్, టోసిలిజుమాబ్ అని. పేర్లు నోరు తిరగవు, ఖర్చు వేలల్లో వుంటుంది. టోసిలిజుమాబ్ మీద జపానులో 36 మంది పేషెంట్లతో చేసిన పరిశోధన 2018లో అచ్చయింది. మేలు కనిపించింది గాని, గట్టిగా రుజువైంది అనటానికి కొద్దిలో తప్పింది. పేషెంట్లు తక్కువగా దొరికే జబ్బుల్లో ఇదే చిక్కు. నా మటుకు నేను, మామూలు మందులు శ్రద్ధగా వాడి చూసి, అప్పటికీ నాళాలు మూసుకుపోతూంటేనే వీటికి వెళ్ళమంటాను. మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. ఒంట్లో నిద్రపోతున్న క్షయని ఈ మందులు లేపుతాయి. మన దేశంలో అది చిన్న విషయం కాదు.

పోటుకి వేసే మందుల్లో కూడా ఒక మెలిక వుంది. "ప్రిల్" అని ముగిసే మాత్రలూ, "సార్టాన్" అని ముగిసేవీ రెండు మూత్రపిండాల నాళాలూ ఇరుకైన వాళ్ళకి ఇస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఎదురింటావిడ పోటు మాత్ర తెచ్చి వేసుకోవటం ఎప్పుడూ తప్పే, ఈ జబ్బులో మరీ తప్పు. ఏ మందులో ఏముందో చెప్పని పొడుల జోలికి కూడా పోవద్దు.

జబ్బు చల్లారి కొన్ని నెలలు నిలకడగా వున్నాక అప్పుడు మరమ్మతు మాట. అదీ అన్నిటికీ కాదు. మూత్రపిండం నాళం బాగా ఇరుకై పోటు మందులకి లొంగకపోయినా, మెదడుకి రక్తం చాలకపోయినా, గుండె నాళాలు మూసుకుపోయినా చేయించాలి. బెలూను తేలిక, కానీ మళ్ళీ ఇరుకయ్యే అవకాశం ఎక్కువ. బైపాసు పెద్ద ఆపరేషను, కానీ ఎక్కువకాలం నిలుస్తుంది. మా అమ్మాయికి రెండో ఏడు ఎడమ మూత్రపిండం నాళానికి బెలూను వేయించాం. మూడు రకాల పోటు మాత్రలు ఒక్కదానికి దిగాయి. చేతి నాళం మాత్రం ముట్టుకోలేదు. "మరి నాడి మళ్ళీ రాదా?" అని వాళ్ళమ్మ బాధపడింది. రాకపోవచ్చు. కానీ పెద్ద కాలవ మూసుకుపోతే పిల్ల కాలవలు వెడల్పయినట్టు, పక్కనున్న చిన్న నాళాలు పెరిగి చేతికి రక్తం అందిస్తాయి. ఆ అమ్మాయి ఇప్పుడు బోర్డు మీద గంటసేపు రాయగలదు. నాడి వచ్చిందా లేదా అని కాదు చూడవలసింది. కొత్త నాళం ఏదీ మూసుకుపోకుండా వుందా, అసలు చోట కొలిచిన పోటు అదుపులో వుందా అని.

ఏలూరు సంబంధం తప్పిపోయింది. దాచకుండా చెప్పినందుకే తప్పిపోయింది. రెండేళ్ళ తరువాత వచ్చిన సంబంధంవాళ్ళు పెళ్ళికొడుకుని వెంటబెట్టుకుని నా దగ్గరికే వచ్చారు. "పిల్లలు పుడతారా డాక్టరు గారూ?" అన్నది వాళ్ళ మొదటి ప్రశ్న. పుడతారు. కాకపోతే ముందు చెప్పి చేయాలి. జబ్బు చల్లారి వుండాలి, పోటు అదుపులో వుండాలి, మెథోట్రెక్సేట్ మూడు నెలల ముందే మాని అజాథయోప్రిన్‌కి మారాలి. ఆ తొమ్మిది నెలలూ గర్భిణుల వైద్యులూ, కీళ్ళవాత నిపుణులూ, గుండె డాక్టరూ ముగ్గురూ చూసే పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి. ఆ పెళ్ళికొడుకు ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాడు. 2020లో వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండా, రెండు కిలోల బరువుతో. ఇప్పుడు బడికి వెళుతోంది.

మీ ఇంట్లో ఈ జబ్బు వున్నవాళ్ళు వుంటే ఒక చిన్న పని చేయండి. ఈ జబ్బుని చూసేది ప్రధానంగా రుమటాలజిస్టులు, అంటే కీళ్ళవాత నిపుణులు. వాళ్ళని అడిగి, నమ్మదగ్గ పోటు ఏ చేతిలో, ఏ కాలిలో వస్తుందో ఒక కార్డు మీద రాయించుకోండి. ప్రమాదం జరిగి స్పృహ తప్పితే పక్క ఊరి డాక్టరుకి ఆ సంగతి చెప్పేవాళ్ళు వుండరు. మా అమ్మాయి పర్సులో వున్న కార్డు మీద ఇలా వుంటుంది: "టకయాసు జబ్బు. ఎడమ చేతిలో బి.పి. చూడవద్దు, కుడి చేతిలోనే చూడాలి. ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాములు రోజూ వాడుతున్నాను, ఆపవద్దు." కింద భర్త ఫోను నెంబరు, దాని కింద మా క్లినిక్కుది.